ఆరేదాకా ఒకటే వెలుగు

మే 3, 2019

తుపాను ఒడిశా వైపు పోయింది. ఊళ్ళో రెండు పాకల కప్పులు లేచిపోయాయి. మా ఇంటికేమీ కాలేదు. నాన్న, తమ్ముడు వెంకీ, ఇంకో పది మంది కలిసి మా బోటుని ఇసకలో మరి కాస్త పైకి ఈడ్చారు. కరెంటు లేదు. నేను పనిచేసే బ్యాటరీల షాపు తెరవరని శ్రీకాకుళం వెళ్ళలేదు.

ఈ డైరీ మా ఓనరు జగన్నాధం గారు జనవరిలో ఇచ్చారు. బ్యాటరీల కంపెనీ డైరీ, నెలకో బ్యాటరీ బొమ్మ. ఇప్పటిదాకా ఒక్క అక్షరం రాయలేదు. ఇవాళ ఏం తోచక తీశాను. మార్చి పదకొండు దగ్గర రెండు పేజీలు కలిపి తిప్పేశాను.

మా దాలయ్య అన్న సముద్రంలో పోయి యాభై మూడు రోజులు.

ఏడుపు రావడం లేదు. మొదట్లో జనం చూస్తున్నారని కళ్ళు నులుముకునేదాన్ని. ఇప్పుడు అదీ మానేశాను.

మే 6

అన్నం తింటుంటే హేమ వదిన అడిగింది.

"జూన్ పదేనికి ఏట మొదలౌతాది. బోటు బాగైపోనాది. మీ నాన్నా వెంకీ ఎల్తారంట. బ్యాటరీ ఒక్కటే కావాల. నువ్వే సూడు."

"సూస్తాను" అన్నాను.

"లిథియమే తే. మీ అన్నకి తెచ్చినట్టే. మోసేది నానే."

అది నిజం. మా దగ్గర బోటు ఒడ్డుకి రాగానే బ్యాటరీ విప్పి ఇంటికి తెచ్చి ఛార్జింగ్ పెడతారు, మళ్ళీ వేటకెళ్ళేముందు మోసుకెళ్తారు. అర కిలోమీటరు ఇసక. పాత యాసిడ్ నీళ్ళ బ్యాటరీ ఇరవై నాలుగు కిలోలు, అన్న భుజం మీద వేసుకుని ఈల వేసుకుంటూ వెళ్ళేవాడు. నాన్నకి నడుం పోయింది. వెంకీ ఇంజిను మోస్తాడు. మిగిలింది వదిన నెత్తి. లిథియం అయితే పది కిలోలు కూడా ఉండదు.

వదిన మాటలో ఇంకేమీ లేదు. ఉందేమోనని రెండు సార్లు తలుచుకున్నాను. లేదు.

మే 7

అన్న పోయిన రోజు గాలి ఎక్కువగా ఉంది. అందరూ అదే అన్నారు. గాలి.

మే 10

చవకలో లిథియం కావాలంటే మూడు దారులు. షాపులో ఖాళీ దొరికినప్పుడు కాగితం మీద రాసుకున్నాను, ఇక్కడ ఎక్కిస్తున్నాను.

ఒకటి, విశాఖపట్నంలో పాత సెల్సు ఏరి కట్టి అమ్మేవాళ్ళు ఉన్నారు. సగం ధర. బయట స్టిక్కరు కొత్తది, లోపల ఏ లాప్‌టాప్ శవమో. రెండు, ఈ-రిక్షాలకి వాడే రకం. తేలిక, కానీ ఎండకి, ఉప్పు గాలికి తట్టుకుంటుందని నేను చెప్పలేను, వేడెక్కితే నిప్పు భయం కూడా. మూడు, ఫాస్ఫేట్ రకం. నిప్పు భయం తక్కువ, ఆరేడేళ్ళు వస్తుంది, మూత బిగుతుగా ఉంటే ఉప్పునీళ్ళు పోవు. ధర ఎక్కువే, కానీ నీళ్ళ బ్యాటరీ రెండేళ్ళకొకటి మార్చే ఖర్చు వేసుకుంటే ఇదే చవక. దీనికి వేరే ఛార్జర్ కావాలి. పాత ఛార్జర్ తగిలించి బ్యాటరీ పాడైందని తెచ్చేవాళ్ళని వారానికొకరిని చూస్తున్నాను.

అన్నకిచ్చింది మూడో రకమే. మంచి సరుకు. నేనే సెల్సు ఒక్కొక్కటీ మీటరు పెట్టి చూశాను.

అది నాసిరకం అయ్యుంటే బావుండేది.

మే 14

వదిన షాపుకే వచ్చింది. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర చేపలు అమ్ముకుని, ఖాళీ గంప బయట మెట్ల మీద పెట్టి లోపలికి. జగన్నాధం గారు కుర్చీ వేయించారు. కూర్చోలేదు, బట్టలు నీచు వాసనని.

పాత సెల్సుతో కట్టిన బ్యాటరీ ఒకటి రిపేరుకొచ్చి బల్ల మీద ఉంది. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.

"దీని కడుపులో ఏటో కదుల్తన్నాది. నిన్నటి సరుకుకి ఇవాళ ఐసు కొట్టినట్టున్నాది" అని పక్కకి పెట్టేసింది.

జగన్నాధం గారు నవ్వారు. "నేను రెండు రోజులు విప్పి చూస్తే గానీ తేలలేదమ్మా నాకు. నువ్వు చెవితో చెప్పేశావు."

ఫాస్ఫేట్ రకం చేతికిచ్చాను. ఎత్తింది, దించింది, మూత అంచు గోటితో గీకింది, తీగల దగ్గర వాసన చూసింది. వంజరం చేప కొనేవాళ్ళు మొప్పలు ఎత్తి చూస్తారే, అలా.

"ఇది బాగుంది. ఆకరికొచ్చీసరికి దీపం ఎలగుంటాది? బేగి మసకేసేస్తాదా?"

నన్నే అడిగింది. నేను నోరు తెరిచేలోగా జగన్నాధం గారు అందుకున్నారు.

"లిథియం మసకెయ్యదమ్మా. ఆరేదాకా ఒకటే వెలుగు."

వదిన తలూపింది. నేను బిల్లు పుస్తకం వెతకడానికి వంగాను. పుస్తకం బల్ల మీదే ఉంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకుండానే వెతికాను.

ఆ మాట జగన్నాధం గారిది కాదు. షాపుకొచ్చేవాళ్ళకి నేను చెప్తుంటే విని నేర్చుకున్నారు.

మే 15

అన్నకి చెప్పే ఉంటాను. ఇన్ని మాటల్లో అది కూడా చెప్పే ఉంటాను.

మే 16

చెప్పే ఉంటాను.

మే 20

పోతురాజుకి ఫోన్ చేశాను. అన్నతో ఆ రోజు బోటులో ఉన్నది అతనొక్కడే. ఈదుకుని బయటపడ్డాడు. ఏప్రిల్లో గుజరాత్, వేరావల్ వెళ్ళిపోయి అక్కడ బోట్లలో చేస్తున్నాడు. వెనక ఇంజిన్ల చప్పుడు.

కుశలాలు అయ్యాక వదిన బ్యాటరీ కొంటోందని చెప్పాను.

"ఆసుపత్రిలో నీకు సెప్పిన మాట ఇంకెవులకీ సెప్పనేదు భారతీ. మీ వదిన అడిగినా గాలి అనే సెప్పినాను."

"అలగే ఉంచన్నా" అన్నాను. ఆ మాట అడగడానికే ఫోన్ చేశానని అప్పుడు తెలిసింది నాకు.

"ఉంచుతాను. గానీ ఎంకీగాడు ఎల్తన్నాడు కదా మరి" అన్నాడు. "ఆడికి నువ్వు సెప్పుకో."

పెట్టేశాడు.

మే 23

ఓట్ల లెక్కింపు. ఊరంతా టీవీల ముందు. సాయంత్రం టపాసులు. వదిన తలుపు వేసుకుని పడుకుంది. నేను బట్టలు ఉతికాను. ఉతికినవే మళ్ళీ ఉతికాను.

జూన్ 1

బ్యాటరీ తెచ్చాను. ఫాస్ఫేట్, డెబ్భై అయిదు ఆంపియర్లది, కొత్త ఛార్జర్‌తో. వారంటీ కార్డు మీద జగన్నాధం గారు తన చేత్తో సంతకం, ముద్ర వేశారు. వదిన పసుపు బొట్టు పెట్టి మూలన ఉంచింది.

దాంతో ఒక చిన్న మీటరు కూడా తెచ్చాను. ఎంత మిగిలిందో వందకి ఇంత అని చూపిస్తుంది. నాన్న దాన్ని చూసి "ఈ అంకెలు నాకెందుకే, దీపం సూస్తే తెల్దా?" అన్నాడు. వెంకీకి అంకెలు వచ్చు. కానీ బోటులో వెంకీ మాట చెల్లదు, నాన్న మాటే.

జూన్ 4

ఇంకో ఉపాయం. పవరు తగ్గితే కీచుమని అరిచే బజ్జరు. వైజాగ్ నుంచి తెప్పించి నేనే కలిపాను. ఇంట్లో పెట్టి చూపించాను.

"ఇంజిను గోలలో మనిసి కేకే ఇనపడదు. ఇదేటి ఇనపడతాది?" అన్నాడు నాన్న.

వెంకీ నవ్వుతూ "అక్కా, కోడిపిల్లని కట్టేసినావేటి దానికి?" అన్నాడు. ఊరికే అరుస్తోందని సాయంత్రానికి దాని మూతికి ప్లాస్టర్ అంటించేశాడు.

వాణ్ణి తిట్టాను. చెప్పుకోలేనంతగా తిట్టాను. వదిన వచ్చి "ఏటే, బజ్జరు కోసం ఇంత రాద్ధాంతమా?" అని నా మొహం వైపు చూస్తూ నిలబడింది.

చెప్పకుండా చెప్పే దారి వెతుకుతున్నాను. దొరకడం లేదు.

జూన్ 9, ఆదివారం

రాస్తాను. ఇక్కడైనా రాయాలి.

మా వాళ్ళకి బోటులో గడియారం దీపమే. వెనక వెదురుకి కట్టిన పన్నెండు వోల్టుల బల్బు. నీళ్ళ బ్యాటరీ కదా, వాడుతున్నకొద్దీ బల్బు మెల్లగా రంగు మారుతుంది. తెల్లగా ఉన్నంతసేపు వల వేస్తారు. గుడ్డులో పచ్చసొన రంగుకి వచ్చిందంటే ఇక వల వెయ్యరు, చేపలు ఎగిరొచ్చి ఒళ్ళో పడుతున్నా వెయ్యరు, బోటు తిప్పేస్తారు. పచ్చసొన రంగు నుంచి ఆరిపోవడానికి రెండు గంటలు పడుతుంది. ఒడ్డుకి రావడానికి అది చాలు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు. నాకు ఆరేళ్ళప్పుడే తెలుసు.

లిథియంకి ఆ రంగు రాదు. ఆఖరి నిమిషం దాకా తెల్లగా వెలిగి, లోపలున్న సర్క్యూట్ బోర్డు కరెంటు టక్కున కోసేస్తుంది. దీపం, దారి చూపే జీపీఎస్, వైర్‌లెస్, అన్నీ ఒక్కసారే. ఇది కూడా నాకు తెలుసు. డిప్లొమాలో చదివాను. షాపులో రోజుకి నలుగురికి చెప్తాను.

ఫిబ్రవరి ఆఖరి ఆదివారం అన్నకి బ్యాటరీ తెచ్చిచ్చాను. కొనమని నెల రోజులు పోరింది నేనే. ఒడ్డున పది పన్నెండు మంది చేరారు. అన్న దాన్ని ఒంటి చేత్తో ఎత్తి అందరికీ చూపించాడు. "మా సెల్లి తెచ్చినాది. డిప్లొమా సదివినాది" అన్నాడు. వాళ్ళు కూడా ఎత్తి చూసి అబ్బో అన్నారు. అన్న అడిగాడు, "ఏటే, దీపం మసకేస్తాదా?"

"మసకెయ్యదన్నా. ఆరేదాకా ఒకటే ఎలుగు" అన్నాను.

అన్న ఈల వేశాడు. అందరూ నా వైపు చూశారు. మా ఊరి మగవాళ్ళు నన్ను అలా చూడటం అదే మొదటిసారి. ఆ తర్వాతి మాట నాలుక చివర ఉంది. అయితే టక్కున ఆరిపోతుంది, టైము చూసుకుని తిరగాలి, అని. అంటే "ఓస్, ఇంతేనా" అంటారు. నీళ్ళ బ్యాటరీయే నయం అంటారు. తర్వాత చెప్దాంలే అనుకున్నాను. ఇంటికొచ్చాక చెప్దాంలే అనుకున్నాను.

మర్చిపోలేదు. పదిహేను రోజులు అన్న రోజూ నా కళ్ళ ముందే బ్యాటరీ ఛార్జింగ్ పెట్టాడు. ఒక్కరోజు కూడా మర్చిపోలేదు. పేరొచ్చింది కదా, అది తగ్గించుకోవడం ఇష్టం లేకపోయింది.

ఆసుపత్రిలో పోతురాజు చెప్పింది: వల లాగేశాం, ఎప్పుడూ తిరిగే వేళే, కానీ దీపం పాలలా ఉంది. చేపలు బాగా పడుతున్నాయి. దాలయ్య అన్నాడు, ఎలుగు ఇంకా బోలెడున్నాది, ఇంకో వల ఏద్దాం. వేశాం. తిరిగి వస్తుంటే మొగ దగ్గర, ఏరు సముద్రంలో కలిసేచోట, అన్నీ ఒక్కసారే పోయాయి. ఇసక దిబ్బ ఎటుందో, కెరటం ఎటు విరుగుతోందో కనబడలేదు. బోటు తిరగబడింది.

గాలి కూడా ఉంది. కాని గాలి రోజూ ఉంటుంది.

రాసేశాను. తేలికపడుతుందని అంటారు. ఏమీ కాలేదు.

జూన్ 11

వెంకీ కొత్త లైఫ్ జాకెట్ వేసుకుని అద్దంలో చూసుకుంటున్నాడు. "ఈరోలా ఉన్నానా అక్కా?" అన్నాడు. ఉన్నావన్నాను.

జూన్ 13

చెప్పాను.

మధ్యాహ్నం బోటు నీడలో నాన్న, వెంకీ వల సర్దుతున్నారు. వదిన గంజి తెచ్చింది. నలుగురమే. ఇంకో రెండు రోజుల్లో వాళ్ళు బయలుదేరతారు. నిలబడే చెప్పాను. డైరీలో రాసినంత బాగా చెప్పలేదు. మొదలు చివర్న, చివర మొదట్లో వచ్చింది. పోతురాజు మాట కూడా చెప్పాను. తర్వాత చెప్దాంలే అనుకున్నానని, ఎందుకు అనుకున్నానో కూడా చెప్పాను.

వెంకీ "అక్కా" అన్నాడు.

వదిన గంజి గిన్నె ఇసకలో పెట్టింది. "పదేను దినాలు" అంది. "పదేను దినాలు ఆడు నీ పక్కన కూకునే ఛార్జింగ్ ఎట్టినాడు."

"అవును వదినా."

లేచి వెళ్ళిపోయింది. గిన్నె పక్కకి ఒరిగి గంజి ఇసకలోకి పోతుంటే ఎవరమూ నిలబెట్టలేదు.

నాన్న చేతిలో వల కింద పెట్టాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బావుండేది. అన్నాడు:

"నీళ్ళ క్యాన్లు రెండు తీసుకెల్తాం. ఎందుకు?"

చిన్నపిల్లని అడిగినట్టు అడిగాడు. చెప్పాను. వేటకెళ్తే తాగే నీళ్ళు రెండు క్యాన్లు. మొదటిది అయిపోతే బోటు తిప్పాల్సిందే. రెండోదాని మూత, బోటు ముక్కు ఊరి వైపు తిరిగాక గానీ తియ్యరు.

"క్యానులో నీళ్ళు మసకేసి సెప్తాయేటి అయిపోతన్నామని?" అన్నాడు. "పెద్ద బ్యాటరీ ఒకటి ఒద్దు. సిన్నవి రెండు తే. ఒకటి ఆరితే ఇంటికి."

ఇంత చిన్న సంగతి. ఫిబ్రవరిలో ఆ ఒడ్డున నేను నోరు తెరిచి ఉంటే ఆ పన్నెండు మందిలో ఎవరో ఒకరు ఈ మాటే అనేవారు.



జూన్ 14

జగన్నాధం గారు పెద్దది వెనక్కి తీసుకుని చిన్నవి రెండు ఇచ్చారు. నలభై ఆంపియర్లవి. ఎందుకని అడగలేదు.

బస్సు దిగేసరికి వదిన రోడ్డు మీద ఉంది. నా చేతుల్లోంచి రెండూ తీసుకుని, చేతికొకటి పట్టుకుని ఇసకలో నడిచి వెళ్ళింది. నేను వెనక నడిచాను.

గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి, ఇంజినుకి, బోటు ముక్కుకి బొట్లు పెట్టాక, నాన్న ఒక బ్యాటరీ మూత నిండా సింధూరం పూసేశాడు. "ఎర్రది ఇంటిదారికి. దీని మీద సెయ్యేస్తే సెయ్యి ఇరగ్గొడతాను" అన్నాడు వెంకీతో.

వదిన అన్నం పెట్టింది. నా కంచం నా ముందు పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది.

జూన్ 15

వేటకి వెళ్ళారు.

జూన్ 16, ఆదివారం

తొమ్మిది గంటలకి వచ్చారు. నేను, వదిన ఒడ్డున ఉన్నాం, మధ్యలో నలుగురు పట్టేంత దూరం వదిలి.

వెంకీ దిగుతూనే నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"ఆరిపోనాది అక్కా! నువ్వన్నట్టే. మజ్జలో, వల సగం లాగినాం. తెల్లగా ఎలుగుతా ఎలుగుతా టక్కుమని పోనాది. ముందు ఏటీ తెలీనేదు. నాన్న ఎర్రది తగిలించమన్నాడు, వల లాగేసి తిప్పేసినాడు. పక్క బోటోళ్ళు ఇంకా ఏస్తన్నారు, సేపలు అలగ పడతన్నాయి, అయినా తిప్పేసినాడు."

"ఆరినప్పుడు ఎలగున్నాది?" అని అడిగాను.

"ఏటి ఎలగ?"

"ఎర్రది తగిలించేదాకా."

వెంకీ నవ్వు ఆగిపోయింది. "ఏటీ కనపడనేదు అక్కా. అంతసేపూ ఎలుగులో ఉన్నాం కదా, కళ్ళకి సుక్కలు కూడా కనపడనేదు. నా సెయ్యి నాకు కనపడనేదు. సంద్రం సప్పుడొక్కటే. ఒక నిమసమే అనుకో. గానీ భయమేసినాది."

నాన్న బోటులోంచి చేపలు ఎత్తిపోస్తున్నాడు. వదిన వంగి ఏరి గంపలో వేస్తోంది. నాలో నేనే అనుకున్నాననుకున్నాను, కాని పైకే వచ్చేసింది.

"అన్న నన్ను తిట్టుకుని ఉంటాడు."

వెంకీ "నేదక్కా, అన్న అలగ" అని ఏదో అనబోయాడు. వదిన తలెత్తింది. మూడు రోజుల తర్వాత నా కళ్ళలోకి చూసింది.

"తిట్టే ఉంటాడు. పేరెట్టి తిట్టుంటాడు. ఆ సీకట్లో నువ్వు గాక ఇంకెవులు గుర్తొస్తారు?" అంది. చేతిలో చేప గంపలో వేసింది. "నిన్నయితే తలుసుకున్నాడు. నన్ను తలుసుకున్నాడో నేదో నాకెవుడు సెప్తాడే?"

గంప నెత్తికెత్తుకుని, ఎవరి చెయ్యీ పట్టకుండానే లేచి, బస్సు వైపు వెళ్ళిపోయింది. నా గురించే అనుకున్నాను ఇన్నాళ్ళూ. తెల్లారి లేస్తే నేను చేసింది, నేను చెప్పనిది, అదే. వదిన రోజూ ఆ ఒక్క ప్రశ్న పక్కన పడుకుని లేస్తోందని ఒక్కసారీ తోచలేదు.

ఇసకలో కూలబడిపోయాను. మూడు నెలలుగా రానిది వచ్చింది, ఒడ్డున ఉన్నవాళ్ళందరూ తిరిగి చూసేంత గట్టిగా. వెంకీ కంగారుపడి నా భుజాలు పట్టుకుని నాన్నని కేకేశాడు.

"ఏడవనీరా" అన్నాడు నాన్న, చేపలు ఎత్తిపోస్తూనే.